మూత విప్పి చూసే రోజులు

"బోర్డు పోయుంటుందండీ. ఓసారి ఫార్మాట్ కొట్టి చూద్దాం. దానికీ లొంగకపోతే పారేయండి. ఇంత పాతదాని మీద డబ్బు పెట్టడం దండగ."

మొన్న మే నెలలో రాజమండ్రిలో ఒక షాపులో నాతో అన్న మాటలివి. పోలవరంలో తెల్లవారుజామున బస్సెక్కి, తాళ్ళపూడి మీదుగా కొవ్వూరు చేరి, వంతెన దాటి వెళ్ళేసరికి ఎండ నెత్తికెక్కింది. లాప్‌టాప్ సంచీలోంచి తీసి కౌంటరు మీద పెట్టాను. అక్కడి కుర్రాడు మీట నొక్కాడు. తెర మీద విండోస్ ఎక్స్‌పీ బొమ్మ పూర్తిగా రాకముందే తీర్పు చెప్పేశాడు. అడుగున ఉన్న స్క్రూ ఒక్కటి కూడా విప్పలేదు. ఎప్పుడు ఆగుతోంది, ఆగేముందు ఏమవుతోంది, పొద్దున్నా మధ్యాహ్నమా అని ఒక్క ప్రశ్న అడగలేదు.

పారేయమన్నందుకు నాకు బాధ లేదు. చూడకుండా చెప్పాడే, అదీ బాధ. మా రోజుల్లో అలా చెప్పిన మెకానిక్కు దగ్గరికి జనం రెండోసారి వెళ్ళేవారు కాదు.

పోలవరం బజారులో 1976లో నేను రేడియో రిపేరు కొట్టు పెట్టాను. అప్పటికి ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి గానీ, పెద్దిళ్ళలో వాల్వు సెట్లు ఇంకా పాడుతూనే ఉండేవి. విజయవాడ కేంద్రం పెట్టాక ఆ వాల్వులు వేడెక్కి గొంతు విప్పడానికి అర నిమిషం పట్టేది. ఆ సెట్ల వెనక అట్ట చూశారా ఎప్పుడైనా? నిండా చిల్లులే. కింది వరస చిల్లుల్లోంచి చల్లగాలి లోపలికి వెళ్ళి, వాల్వుల వేడికి తేలికై, పై వరసలోంచి బయటకి పోయేది. ఫ్యాను లేదు, శబ్దం లేదు. ఆ చిల్లులకి అడ్డంగా ఎవరైనా గుడ్డ కప్పినా, గోడకి ఆనించి పెట్టినా సెట్టు ఉడికిపోయేది. అందుకే రిపేరుకి వచ్చిన ప్రతి మనిషినీ నేను మొదట అడిగే ప్రశ్న "ఏమైంది" కాదు, "ఎక్కడ పెడతారండీ" అని. సగం జబ్బులు ఆ జవాబులోనే తేలిపోయేవి.

చాలా సెట్లకి ఆ అట్ట లోపలివైపు సర్క్యూటు బొమ్మ అంటించి ఉండేది. ఏ వాల్వు ఎక్కడ, ఏ కాలి దగ్గర ఎన్ని ఓల్టులు ఉండాలి, అంతా. అమ్మినవాడే విప్పి చూడమని చేతికిచ్చినట్టుండేది. ఇవాళ అమ్మేవాడు విప్పితే గ్యారంటీ పోతుందని స్టిక్కరు అంటిస్తున్నాడు.

వేడి సంగతి నాకు బాగా నేర్పింది ట్రాన్సిస్టర్లే. తొలిరోజుల్లో ఏసీ128 లాంటివి జర్మేనియంతో చేసేవారు. జర్మేనియం వేడెక్కితే లోపల కారే కరెంటు పెరుగుతుంది. కరెంటు పెరిగితే ఇంకా వేడెక్కుతుంది. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ చివరికి అది కాలిపోతుంది. అందుకని దానికి చిన్న రేకు తొడుగు తొడిగి చట్రానికి బిగించేవారు. గంట పాడి తర్వాత గరగరలాడే రేడియో వస్తే, మేం దూదికి స్పిరిట్ అద్ది అనుమానమున్న ట్రాన్సిస్టరు మీద ఆనించేవాళ్ళం. చల్లబడగానే పాట తేటబడితే దొంగ దొరికినట్టే. లేకపోతే పక్కదాని మీద. ఓపిక ఉండాలంతే. మీటరు కంటే ముందు వేలు, ముక్కు, చెవి పనిచేసేవి.

1986 ఆగస్టు వరద గోదావరి జిల్లాలవాళ్ళెవరూ మరిచిపోరు. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు నమోదైంది. ఆ వరద తీశాక నా కొట్టుకి వచ్చిన సెట్లలో ఒండ్రుమట్టి అంగుళం మందాన ఉండేది. ఒక్కదాన్ని కూడా పారేయమని చెప్పలేదు నేను. మంచినీళ్ళతో మట్టి కడిగి, నీడలో వారం ఆరబెట్టి, ట్రాన్స్‌ఫార్మరు చుట్టలో తడి పోయిందని మీటరుతో రూఢి చేసుకున్నాకే కరెంటు ఇచ్చేవాణ్ణి. తొందరపడి ఎండలో పెట్టి, సాయంత్రానికే ప్లగ్గు పెట్టినవాళ్ళ సెట్లు పొగలు కక్కాయి. అన్నీ బతకలేదు. బతకనిదాని గురించి మాత్రం ఎందుకు బతకదో విప్పి చూపించి చెప్పేవాణ్ణి.

రేడియోలు పోయాయి, టీవీలు వచ్చాయి, అవీ మారిపోయాయి. రెండువేల సంవత్సరం దాటాక ఆ కొట్టులోనే డీటీపీ, జిరాక్సు పెట్టాను. పేజ్‌మేకరు, అను ఫాంట్లు, శుభలేఖలు, గుడి కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు. 2007లో మా మేనల్లుడు హైదరాబాదులో కొత్తది కొనుక్కుని తన పాత లాప్‌టాప్ నాకిచ్చాడు. 2004 నాటి సరుకు. పెంటియం ఎమ్ ప్రాసెసరు, 1.7 గిగాహెర్ట్జు, 40 జీబీ డిస్కు. కరెంటు కోతల కాలంలో బ్యాటరీ ఉన్న యంత్రం నాకు వరమైపోయింది. పగలు కరెంటు పోయినా కార్డు ఆగేది కాదు.

ఈ యంత్రాన్ని ఎందుకు వదలలేనో చెప్పాలి. అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఈనాటి యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఏర్పాటు అది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పెళ్ళికూతురు పేరు ఉండాల్సిన చోట అర్థంలేని గీతలు కనపడతాయి. పేజ్‌మేకరు చూస్తే 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయింది. కొత్త కంప్యూటర్లలో దాన్ని ఎక్కించడమే ఓ యజ్ఞం. అంటే పదహారు, పదిహేడేళ్ళు నేను కూర్చిన కార్డులన్నీ ఈ ఒక్క యంత్రంలోనే ఉన్నదున్నట్టు తెరుచుకుంటాయి. విడిగా దాచుకోకపోవడం నా తప్పే. కొన్ని సీడీల మీద రాసుకున్నాను, అవి మా తేమకి బూజు పట్టాయి.

ఆ కార్డుల్లో ఏముందని అడగొచ్చు. పైడిపాక ఉంది. దేవరగొంది, మామిడిగొంది, రామయ్యపేట ఉన్నాయి. పోలవరం ప్రాజెక్టు కోసం ఖాళీ చేసిన ఊళ్ళు. "వివాహ వేదిక: వధువు స్వగృహం, పైడిపాక" అని నా చేత్తో టైపు చేసిన కార్డులు ఎన్నో ఉన్నాయి. ఇప్పుడా గృహమూ లేదు, ఆ వీధీ లేదు. మనుషులు పునరావాస కాలనీల్లో ఉన్నారు. మొన్న ఏప్రిల్‌లో ఒకాయన వచ్చి, "బాబాయిగారూ, మా పెళ్ళికార్డు మీరే వేశారు, 2009లో. ఇల్లు మారినప్పుడు పోయింది. ఇంకోటి తీసిస్తారా?" అని అడిగాడు. వాళ్ళమ్మాయికి చూపించాలట, ఊరి పేరు అచ్చులో ఉన్న కాగితం ఇంట్లో ఒక్కటీ లేదట. సరే అన్నాను. ఫైలు తెరవబోయాను. యంత్రం బిగుసుకుపోయింది. మళ్ళీ వేస్తే ఇరవై నిమిషాలకి ఆరిపోయింది.

అలాంటిదాన్ని ఫార్మాట్ కొట్టి చూద్దామన్నాడు ఆ కుర్రాడు. డిస్కులో ఏమైనా దాచుకున్నారా అని అడగకుండా.

ఇంటికి తెచ్చేసుకున్నాను. కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు సెలవులకి వచ్చి ఉన్నాడు. "తాతయ్యా, దీన్ని వదిలేయొచ్చు కదా" అన్నాడు మొదట. కార్డుల సంగతి చెప్పాక ఇంక ఆ మాట అనలేదు. రెండు రోజులు యంత్రం విప్పే జోలికి పోకుండా ఓ నోటుబుక్కు పెట్టుకుని రాయమన్నాను వాణ్ణి. ఎన్ని గంటలకి వేశాం, వసారాలో గోడ థర్మామీటరు ఎంత చూపిస్తోంది, ఏం పని చేస్తున్నాం, ఎలా ఆగింది. ఈ రాతకోతలు చేసే షాపు ఇవాళ నాకు ఒక్కటీ కనపడదు.

రెండు రోజుల రాతతో తేలిందేమిటంటే, జబ్బు ఒకటి కాదు, రెండు. మధ్యాహ్నం, వసారాలో 43 డిగ్రీలప్పుడు, ఇరవై నిమిషాలకి ఠక్కున ఆరిపోతోంది. హెచ్చరికా లేదు, నీలి తెరా లేదు. దీపం ఆర్పినట్టు. పావుగంట ఆగితే మళ్ళీ వెలుగుతుంది. ఇది వేడి. ప్రాసెసరులోనే ఒక కాపలా ఉంటుంది. లోపలి వేడి హద్దు దాటితే అది కాలిపోకుండా కరెంటు తెంపేస్తుంది. ఇక రెండోది, పొద్దున్న ఆరింటికి, గోదావరి గాలి చల్లగా తగులుతున్నప్పుడు కూడా పెద్ద ఫైలు తెరిస్తే బాణం గుర్తు కుంటుతూ కుంటుతూ ఆగిపోవడం. ఆరిపోదు, స్టక్ అయిపోతుంది. డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూ ఉంటుంది. చల్లటి వేళ బిగుసుకుపోయేదానికి వేడి ఒక్కటే కారణం కాదు. ఈ రెంటినీ ఒక్క "బోర్డు పోయింది" కింద కట్టేస్తే ఏదీ తేలదు.

ముందు వేడి సంగతి. మా వాడికి కాగితం మీద ఓ లెక్క వేసి చూపించాను. ఈ ప్రాసెసరు గట్టిగా పనిచేసేటప్పుడు 21 వాట్ల దాకా వేడి పుట్టిస్తుంది. చిన్న బల్బంత. ఆ వేడిని బయటకి తోసే ఏర్పాటు బాగున్నప్పుడు అది గదికంటే ఓ 45 డిగ్రీలు ఎక్కువలో నిలబడుతుందనుకుందాం. సంక్రాంతికి గది 28 ఉంటే ప్రాసెసరు 73. మే నెలలో గది 43 ఉంటే అదే ప్రాసెసరు 88. దాని హద్దు 100. అంటే మన ఎండే దాని సందు సగం మింగేసింది. దీనికి తోడు దుమ్ము పట్టి మరో పన్నెండు డిగ్రీలు పెరిగితే హద్దుకి చేరిపోయింది. చల్లటి దేశాల్లో బల్ల మీద పెట్టి పరీక్షించిన యంత్రానికి మా రోహిణి కార్తె తెలియదు. ఫ్యాను ఎంత తిరిగినా గదిలో ఉన్న గాలినే ఊదుతుంది, గదికంటే చల్లగా చెయ్యలేదు. జనవరిలో బాగుండి మేలో ఆగిపోయే యంత్రాన్ని చూసి "పాడైపోయింది" అనేవాళ్ళు ఈ తీసివేత లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

వేడితో పని పెట్టుకున్నవాళ్ళు పోలవరంలో నాకంటే పెద్దవాళ్ళున్నారు. ప్రాజెక్టు స్పిల్‌వే కాంక్రీటు జరిగినప్పుడు చూసినవాళ్ళకి తెలుసు, కలిపే నీళ్ళకి బదులు ఐసు వేసేవారు. సిమెంటు గట్టిపడేటప్పుడు తనంతట తనే వేడి పుట్టిస్తుంది. అంత మందపు దిమ్మలో ఆ వేడి లోపలే ఇరుక్కుని, పైభాగం ముందు చల్లబడితే బీటలు పడతాయి. అమెరికాలో 1930లలో హూవర్ డ్యాము కట్టినప్పుడైతే కాంక్రీటులో పైపులు పరిచి చల్లనీళ్ళు తిప్పారు. మా పోలవరం నలభై ఎనిమిది గేట్ల స్పిల్‌వేకైనా అరచేతి మందం యంత్రానికైనా పుట్టిన వేడి బయటపడే దారి ఉండాలి. దారి ఉందా లేదా చూడటమే మా పని.

చూశాం. థర్మోకోల్ అట్ట మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ విప్పామో అట్ట మీద అక్కడే గుచ్చాం. పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ స్థానంలోకి వెళ్తే బోర్డులోకి దిగబడుతుంది. బ్యాటరీ తీసి, కీబోర్డు ఎత్తి, చేతులు ఆనించే పలక తీశాక ఫ్యాను కనపడింది. ఫ్యాను రెక్కలు పైకి శుభ్రంగానే ఉన్నాయి. అక్కడే చాలామంది మోసపోతారు. ఫ్యానుకీ రాగి రేకుల గుత్తికీ మధ్య, గాలి దూరే చోట, బొంతలోంచి పీకినట్టు ఓ దుమ్ము పట్టా అడ్డంగా పడి ఉంది. బూడిదరంగు ఉన్నిలా ఒకే ముక్కగా ఊడివచ్చింది. దారప్పోగులు, వెంట్రుకలు, ప్రాజెక్టు లారీలు లేపిన ఎర్రదుమ్ము, అన్నీ అందులో ఉన్నాయి. ఫ్యాను ఇన్నాళ్ళూ గోడకి ఊదుతోంది. బయటి సందులోంచి గట్టిగా గాలి కొడితే ఈ పట్టా బయటకి రాదు, లోపలికి ఒత్తుకుంటుంది. పైగా ఆ గాలికి ఫ్యాను గిర్రున తిరిగి పాడవుతుంది. విప్పాలి, రెక్క పట్టుకుని బ్రష్షుతో తీయాలి.

ప్రాసెసరు మీంచి ఆ రాగి రేకుల దాకా చదునైన రాగి గొట్టం ఒకటి ఉంటుంది. మా వాడు దాన్ని ఉత్త రాగి కడ్డీ అనుకున్నాడు. కాదు. లోపల గాలి తీసేసి కొద్దిగా నీళ్ళు పెట్టి మూసేస్తారు. గాలి లేని చోట నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ప్రాసెసరు దగ్గర ఆవిరై, రేకుల దగ్గర చల్లబడి నీళ్ళై, గొట్టం లోపలి వత్తి లాంటి పొర వెంట మళ్ళీ వెనక్కి వస్తాయి. ఇడ్లీ పాత్ర మూతకి ఆవిరి తగిలి నీటిబొట్లై కిందకి జారడం రోజూ చూస్తూనే ఉంటాం కదా. ఈ ఏర్పాటు ఎవరు ఆలోచించారో గానీ, చూసినప్పుడల్లా నాకు దండం పెట్టాలనిపిస్తుంది. కదిలే భాగం ఒక్కటి లేదు, ఇరవై ఏళ్ళయినా పనిచేస్తోంది. రాగిని వంచినా నలిపినా మాత్రం ఇక అంతే.

ప్రాసెసరుకీ రాగికీ మధ్య పూసిన పేస్టు ఎండి సున్నప్పెచ్చులా రాలింది. స్పిరిట్‌తో తుడిచి, బియ్యపుగింజంత కొత్త పేస్టు పెట్టాం. ఎక్కువ పెడితే మంచిదనుకుంటారు. రెండు తలాల మధ్య కంటికి కనపడని గుంటల్లో ఉన్న గాలిని తోసేయడానికే అది. మందంగా పూస్తే దుప్పటి కప్పినట్టే. ఇలాంటి లాప్‌టాప్ ప్రాసెసరుకి పైన లోహపు మూత ఉండదు, అద్దంలాంటి సిలికాను ముక్క బోడిగా ఉంటుంది. అందుకే నాలుగు స్క్రూలూ ఎదురుబొదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒక మూల ముందే బిగిస్తే రెండో మూల పగులుతుంది. పక్కన ఉన్న చిప్పుకి మెత్తటి పట్టీ ఉంటుంది. దాన్ని తీసేసి పేస్టు పూస్తే సందు మిగిలిపోతుంది. పట్టీ ఉన్నచోట పట్టీయే వేయాలి. ఫ్యాను ఇరుసు ఎండి కిచకిచమంటుంటే స్టిక్కరు ఎత్తి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను.

బిగించి వేస్తే మధ్యాహ్నం 42 డిగ్రీల వసారాలో రెండు గంటలు ఆగకుండా నడిచింది. లోపల 86 చూపించింది. నాలుగు మూలలా నాలుగు సోడా సీసా మూతలు పెట్టి అడుగున గాలి ఆడేలా చేస్తే ఇంకో మూడు తగ్గింది. పరుపు మీద పెట్టుకుని పనిచేసేవాళ్ళు ఈ మూతల సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొందరు తడిగుడ్డ మీద పెడతారు, ఐసు సంచీ పెడతారు. మా గోదావరి తేమకి చల్లటి లోహం మీద నీళ్ళు పడతాయి. వేడికి యంత్రం ఆగుతుంది, మళ్ళీ లేస్తుంది. నీటికి లేవదు.

మొదటి జబ్బు కుదిరింది. రెండోది అలాగే ఉంది.

మెమరీ కార్డులు తీసి పసుపు కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, రజను తుడిచి మళ్ళీ పెట్టాం. ఇరవై ఏళ్ళ తేమకి ఆ కాళ్ళు మసకబారుతాయి, చాలా యంత్రాలు దీంతోనే బాగుపడతాయి. మెమరీ పరీక్షించే ప్రోగ్రాము రాత్రంతా నడిపాం, తప్పు ఒక్కటీ రాలేదు. ఇది బాగుందని తెలియడం కూడా పనిలో భాగమే, ఒక అనుమానం కొట్టేసినట్టు.

అప్పుడు మా వాడు లినక్స్ సీడీతో బూట్ చేశాడు. డిస్కుని ముట్టుకోనంతసేపు యంత్రం హాయిగా నడిచింది. డిస్కులో ఫైలు కాపీ చేయమంటే మళ్ళీ కుంటింది. చెవి ఆనిస్తే డిస్కులో సన్నగా టిక్కు టిక్కు. విండోస్‌లో డివైస్ మేనేజరు తెరిచి డిస్కు చానెలు చూస్తే, డీఎంఏ ఉండాల్సిన చోట పీఐఓ అని ఉంది.

ఇది కొంచెం వివరించాలి, ఎందుకంటే నాకు ఈ మొత్తం వ్యవహారంలో నచ్చిన చోటు ఇదే. లాంచీలోంచి ధాన్యం బస్తాలు దించేటప్పుడు కూలీలు దింపుతుంటే మేస్త్రీ లెక్క రాసుకుంటాడు. డీఎంఏ అంటే అది. డిస్కులో సమాచారం నేరుగా మెమరీలోకి చేరుతుంది, ప్రాసెసరు వేరే పని చూసుకుంటుంది. పీఐఓ అంటే కూలీలు లేరు, మేస్త్రీయే ఒక్కో బస్తా మొయ్యాలి. లెక్క ఆగిపోతుంది, మేస్త్రీ చెమటలు కక్కుతాడు. విండోస్ ఎక్స్‌పీ ఏం చేస్తుందంటే, డిస్కు చదవడంలో ఆరు తప్పులు దాటితే వేగం మెట్టుమెట్టుగా తగ్గించుకుంటూ చివరికి పీఐఓకి దిగిపోతుంది. ఎవరికీ చెప్పదు. మనకి కనపడేది బాణం గుర్తు కుంటడం ఒక్కటే. పైగా ప్రాసెసరే అంతా మోస్తుంది కాబట్టి అది ఊరికే వేడెక్కుతుంది. అంటే రెండో జబ్బు మొదటి జబ్బుని కూడా ఎగదోస్తోంది. జర్మేనియం ట్రాన్సిస్టరు గుర్తొచ్చింది నాకు.

ఆ చానెలుని తీసేసి మళ్ళీ బూట్ చేస్తే డీఎంఏ తిరిగొస్తుంది. వచ్చింది కూడా. కానీ అసలు తప్పులు ఎందుకొచ్చాయి? డిస్కు మీద కొన్ని చోట్లు అరిగిపోయాయి కాబట్టి. చానెలు సరిచేసి ఊరుకుంటే నెలకి మళ్ళీ అదే కథ, ఈసారి ఫైళ్ళతో సహా. ఇలాంటప్పుడు డిస్కుని రిపేరు ప్రోగ్రాములతో మళ్ళీ మళ్ళీ తిప్పడం అన్నిటికంటే చెడ్డ పని. ముందు ఉన్నది ఉన్నట్టు బయటకి తీయాలి. మనవడు డిస్కు ఊడదీసి తన కంప్యూటరుకి తగిలించి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము పెట్టాడు. అది ముందు చదవగలిగినదంతా చదివేసి, మొండికేసిన చోట్లకి తర్వాత వస్తుంది. రాత్రి తొమ్మిదింటికి పెట్టాం. మా ఆవిడ రెండుసార్లు లేచి వచ్చి, "ఏమన్నా దక్కిందా?" అని అడిగింది. ఆ కార్డులకి ప్రూఫు దిద్దింది తనే. తెల్లవారేసరికి ఓ గుప్పెడు చోట్లు తప్ప నలభై జీబీలూ దక్కాయి.

ఆ కాలపు ఐడీఈ డిస్కులు ఇప్పుడు చెయ్యరు. 44 సూదుల ఐడీఈకి తగిలేలా ఉండే చిన్న పలక మీద ఎమ్‌శాటా మెమరీ ముక్క గుచ్చి, దక్కినదంతా దాని మీదకి ఎక్కించి, పాత డిస్కు స్థానంలో పెట్టాం. తిరిగే పళ్ళెం లేదు, టిక్కు లేదు, దాని వేడీ లేదు. ఎక్స్‌పీ లేచింది. చానెలు చూస్తే అల్ట్రా డీఎంఏ 5. దీన్ని ఇంటర్నెట్టుకి మాత్రం తగిలించను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. దక్కిన ఫైళ్ళు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి, ఒకటి మనవడి దగ్గర కాకినాడలో.

పేస్టు, పలక, మెమరీ ముక్క అన్నీ కలిపి కొత్త యంత్రం ఖరీదులో పదోవంతు కూడా కాలేదు. షాపువాళ్ళ కష్టం నాకు తెలియక కాదు. అద్దె కట్టాలి, రోజుకి పది యంత్రాలు చూడాలి, రెండు రోజులు నోటుబుక్కు రాస్తూ కూర్చుంటే కుదరదు. కానీ స్క్రూ విప్పకుండా తీర్పు చెప్పడాన్ని నేను ఒప్పుకోను. అడిగి చూడండి, విప్పి చూడండి, తేలకపోతే తేలలేదని చెప్పండి. ఆ కుర్రాడికి ఎవరూ నేర్పలేదేమో. నేర్పాల్సిన మా తరం కొట్లు మూసుకుని ఇళ్ళలో కూర్చున్నాం, అది కూడా నిజమే.

యంత్రాలు చేసేవాళ్ళని మాత్రం వదలను. ఐబీఎమ్‌వాళ్ళు తమ థింక్‌ప్యాడులకి ఏ స్క్రూ ఎంత పొడుగో, ఏ వరసలో విప్పాలో బొమ్మలతో సహా పుస్తకాలు వేసి ఊరికే ఇచ్చేవారు, రేడియో అట్ట మీద బొమ్మ అంటించినట్టు. మా మనవడి కొత్త లాప్‌టాప్ తెరిచి చూశాం. మెమరీ బోర్డుకే అతికేసి ఉంది. రేపు అది చెడితే రబ్బరుతో రుద్దడానికి కాళ్ళే లేవు, బోర్డంతా పోవాల్సిందే. "బోర్డు పోయింది" అన్న మాట అక్కడ నిజమే అవుతుంది. అలా నిజమయ్యేలా కట్టారు. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది, ఆ సంవత్సరం చివర్లో ఒక పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. నాకు కావాల్సింది ఇంకా చిన్నది. స్క్రూ పెట్టండి, జిగురు పెట్టకండి. సర్క్యూటు బొమ్మ ఇవ్వండి. దుమ్ము తీసుకునే సందు ఒకటి మూతకి పెట్టండి.

కార్డు అడిగినాయనకి కబురు పెట్టాను. సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు, పన్నెండేళ్ళుంటాయి. ఫైలు తెరిచాను. వినాయకుడి బొమ్మ, పసుపు అంచు, పేర్లు, ముహూర్తం, కింద వేదిక. బిగుసుకోలేదు. ప్రింటు తీస్తున్నంతసేపు లాప్‌టాప్ పక్క సందు దగ్గర చెయ్యి పెట్టి చూశాను, వేడి గాలి ధారాళంగా వస్తోంది. ఆ పిల్ల కాగితం అందుకుని "పైడిపాక" అని పైకి చదివింది. ఇది మన కాలనీ పేరు కాదు కదా నాన్నా అంది. ఆయన జవాబు చెప్పడానికి కాసేపు పట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంకో రెండు తీయండి బాబాయిగారూ, మా అన్నయ్యకీ, మా అత్తకీ" అన్నాడు.